మూడోసారి అడిగినప్పుడు

ఆ సినిమా వాళ్లు మా ఊరికి వచ్చేసరికి మా ఇంట్లో మాటలు లేక ఆరు నెలలైంది. మాటలు లేవంటే బొత్తిగా లేవని కాదు. నేను గోడకు చెప్పేదాన్ని, మా ఆయన తలుపుకు చెప్పేవాడు. "సంగటి దించి పెట్టినా, తినేటోళ్లు తినొచ్చు" అని నేనంటే, "తినేటోళ్లకు ఆకలి లేదు" అని ఆయన తలుపు వైపు తిరిగి గొణిగేవాడు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయేది.

కారణం గొర్రెలు. మా పుట్టిల్లు మడకశిర వైపు. పెళ్లినాడు మా అమ్మ నాకు అరణంగా రెండు గొర్రెలిచ్చి పంపింది. అవే ఈని ఈని మంద అయ్యాయి. మా ఊరు బలసముద్రం చుట్టూ సోలారు పలకలు పరిచాక బీడు లేకుండా పోయింది, మేపు దొరక్క మంద ఎముకలు తేలింది. అబద్ధం చెప్పను, అది నిజమే. అయినా అవి నావి. చెల్లెలి కాన్పుకని పుట్టింటికి పోయి పది రోజులుండి వచ్చేసరికి దొడ్డి ఖాళీగా ఉంది. సంతకు తోలి అమ్మేశాడట. ఫోను జేబులోనే ఉంది కదా, ఒక్క మాట చెప్పలేదు. భూమి సోలారు వాళ్లకు కౌలుకు రాసిచ్చినప్పుడూ నన్ను అడగలేదు. మా పిల్లకు పెళ్లి సంబంధం ఖాయం చేసినప్పుడూ అడగలేదు. అన్నీ మింగుకుని ఊరుకున్నాను. ఇది మాత్రం గొంతు దిగలేదు.

మా అన్నకు కబురు పెట్టాను. సోమవారం కులపెద్దలు కూర్చోవాలని ఖాయమైంది. మా వాళ్లలో ఆలుమగల పంచాయితీకి ఒక పద్ధతి ఉంది. ముందుగా నడుమ తాంబూలం పళ్లెం పెడతారు. పెట్టాక అక్కడ అన్న మాట అన్నట్టే, వెనక్కి తీసుకోవడం ఉండదు. ఆఖర్న ఆడదాన్ని మూడుసార్లు అడుగుతారు, ఉంటావా, పోతావా అని. మొదటిసారి కోపంతో అంటుంది, రెండోసారి పంతానికి అంటుంది, మూడోసారి చెప్పిందే ఖరారు అంటారు మా పెద్దలు. నేనేం చెప్పాలో నాకు తెలుసు. సంచి కూడా సర్దుకున్నాను.

సరిగ్గా ఆ వారమే ఈ సినిమా. పెద్ద సినిమా ఏం కాదు. బెంగళూరు నుంచి ఒక వ్యానులో ఎనిమిది మంది వచ్చారు, ఒకటే కెమెరా. డైరెక్టరు మా పిల్ల వయసుది, నన్ను అక్కా అని పిలిచేది. తెలుగూ కన్నడమూ కలిపి కథ చెప్పింది. పట్నంలో ఉద్యోగాలు చేసే మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుని మనసు డాక్టరు దగ్గరికి పోతారట. ఆ డాక్టరు మాత్ర ఇవ్వడట, సూది వెయ్యడట, ఊరికే ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిస్తాడట, దానికి ఫీజట.

"మాట్లాడేది మనమైతే ఫీజు ఆయప్పకా?" అన్నాను. ఆ పిల్ల పడీపడీ నవ్వి, కొంచెం నవ్వించి కొంచెం ఏడిపించే సినిమా అక్కా ఇది, అంది.

ఒక సీనులో పల్లెటూరి జంట కూడా ఆ డాక్టరు ముందు కూర్చోవాలి. సోలారు ప్లాంటులో గడ్డి కోసే నన్నూ, అక్కడే గేటు కాసే మా ఆయన్నీ చూసి ఆ పిల్లకు మేము నచ్చాం. ఆయన్ను అడిగితే సరేనన్నాడట. ఇద్దరి తరఫునా ఆయనే సరేనన్నాడు. నన్ను ఎవరడిగారు? ఆ పిల్ల ముఖం చూసి కాదనలేక, సోమవారానికి ఇంకా మూడు రోజులున్నాయిలే అనుకుని బయలుదేరాను.

వై.ఎన్.హొసకోటలో పాత శెనక్కాయల గోడౌనుకు సున్నం వేసి డాక్టరు గది చేశారు. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశారు. మిట్టమధ్యాహ్నం, పైన రేకులు. డాక్టరు వేషం వేసినాయన కోలారు వైపు నాటకాల మనిషి, నెరిసిన గడ్డం, నిదానమైన మాట. మాకు మాటలేవీ రాసివ్వలేదు. ఆయన ఏదడిగితే దానికి మాకు తోచింది చెప్పమన్నారు. అంతా సిద్ధమయ్యాక, బల్ల బోసిగా ఉందని ఒకమ్మాయి ఇత్తడి పళ్లెంలో తమలపాకులూ వక్కలూ తెచ్చి మా నడుమ పెట్టింది. పల్లె జంట కదా, బాగుంటుందనుకుంది పాపం.

మా ఆయన ఆ పళ్లెం చూశాడు. లేచి గడప అవతల చెప్పులు విడిచి వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని కూర్చున్నాడు. పంచాయితీలో కూర్చునే తీరు అది. ఇది సినిమా అని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆకూ వక్కా పెట్టిన చోట అబద్ధమాడకూడదని పుట్టినప్పటి నుంచీ విన్నవాళ్లం.

"ఎన్నాళ్లుగా మాటల్లేవు?" అని డాక్టరు అడిగాడు.

"ఆరు నెల్లు," అన్నాడు మా ఆయన.

"దేనికి?"

"ఆయమ్మ గొర్రెల్ని అమ్మినా. అడక్కుండా అమ్మినా."

కెమెరా వెనక ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. "ఎందుకు అడగలేదప్పా?" అన్నాడు డాక్టరు మెల్లగా.

మా ఆయన పళ్లెం వైపు చూస్తూ అన్నాడు. "అడిగితే ఏడుస్తాదని. ఆయమ్మ ఏడిస్తే నాకూ ఏడుపొస్తాదని. మేపు లేక కండ్ల ముందరే చస్తాన్నాయి సామీ. ఏమని అడిగేది?"

జాలి పడాల్సింది. నేను పడలేదు, కోపం రెండింతలైంది. ఆరు నెలలుగా తలుపుకైనా చెప్పని మాట, ముక్కూ ముఖం తెలియని గడ్డపాయనకు చెబుతాడా?

"నువ్వు చెప్పమ్మా," డాక్టరు నా వైపు తిరిగాడు. "ఈయనతో ఉంటావా, పోతావా?"

"పోతా."

కట్, అంది ఆ పిల్ల. అందరూ చప్పట్లు కొట్టారు. చాలా సహజంగా చేశారక్కా, ఇంకొక్కసారి, ఈసారి మీ ముఖం దగ్గరగా తీస్తాం, అంది. డాక్టరు మళ్లీ అదే అడిగాడు. పోతా, అన్నాను మళ్లీ. మా ఆయన తువ్వాలు కొస మెలిపెడుతున్నాడు. అది కూడా నటనేననుకుని ఎవరో శభాష్ అన్నారు.

"లాస్ట్ అక్కా. ఈసారి కెమెరా ఈ అన్న ముఖం మీద. అదే ప్రశ్న, అదే జవాబు, మార్చొద్దు."

లైట్లు జరపడానికి పది నిమిషాలు పట్టింది. మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం, చెమట ధారగా కారుతోంది.

"ఇది మూడోది," అన్నాడు ఆయన, బల్లకు చెప్పినట్టు.

"తెలుసు," అన్నాను, కిటికీకి చెప్పినట్టు.

ఆయన సంగతి నాకు తెలుసు. ఈ గదిలో నేను మూడోసారి ఆ మాట అంటే ఇక సోమవారం దాకా ఆగడు. పెద్దలూ వద్దు, మా అన్నా వద్దు. నా సంచి తనే మోసుకొచ్చి బస్సెక్కించి, గేటు డ్యూటీకి పోయి కూర్చుంటాడు. నాకు భయమేసింది. ఆరు నెలలుగా పోతాను పోతానని కుతకుతలాడినదాన్ని, పోవడం ఇంత దగ్గరికొచ్చేసరికి వెనకాడాను. ఉంటానని చెబుదామంటే, ఏ ముఖం పెట్టుకుని ఉండాలి? రేపు ఇంకోటి అమ్మేస్తే?

"చెప్పమ్మా," అన్నాడు డాక్టరు. "ఉంటావా..."

"ఆగు సామీ," అన్నాను. "నువ్వడగద్దు. ఆయప్పను అడగమను."

ఆ పిల్ల ఏదో అనబోయింది. డాక్టరు చెయ్యెత్తి ఆపాడు. కెమెరా మాత్రం ఆగలేదు.

"నేనెందుకడిగేది," అన్నాడు మా ఆయన. "పోతాననే అంటావు." ఆరు నెలల తర్వాత నా ముఖం చూసి అన్న మొదటి మాట అది.

"గొర్రెల్నీ ఇట్లే అడగలేదు నువ్వు," అన్నాను. "నేనేమంటానో నీకు నువ్వే అనుకున్నావు, నీకు నువ్వే అమ్మినావు. నన్నూ అట్లే తోలేస్తావా?"

ఆయన నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. నేను ఆయన నోటి వైపే చూస్తున్నాను.

"ఉంటావా మే?" అన్నాడు.

పోతావా అన్న రెండో సగం ఆయన నోట రాలేదు. నా కోపం పోలేదు, ఇవాళ్టికీ కొంత ఉంది. కానీ పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఈ మనిషి నన్నొక మాట అడిగి, నేనేమంటానో తెలియక ఎదురుచూస్తూ కూర్చోవడం అదే మొదలు.

"ఉంటా," అన్నాను.