బీరన్న కోసిన వైరు

సూర్యాపేటలో కోదాడ రోడ్డు మీద మా రెండు షాపులకూ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. ఇవతలిది నాది, కార్లకు సీటు కవర్లు కుట్టే షాపు. అవతలిది బీరన్నది, బండ్లకు కరెంటు పని చేస్తాడు. ఆ రేకు గోడ మీదుగా నేను అతన్ని పదేళ్లు ఎగతాళి చేశాను. అంత పిరికివాణ్ణి నేను ఎక్కడా చూడలేదు మరి.

హారన్ వైరు మార్చినా మూడుసార్లు చూసుకునేవాడు. కారు రోడ్డెక్కాక వెనకాల పరుగెత్తి ఆపి, బానెట్ ఎత్తించి నాలుగోసారి చూసేవాడు. వాళ్లది తుంగతుర్తి దగ్గర పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. వాళ్ల నాయన గొర్రెల్ని దొడ్లోకి తోలి లెక్కబెట్టి, అన్నం తిని లెక్కబెట్టి, పడుకునే ముందు మళ్లీ లెక్కబెట్టేవాడట. ఆ గుణం కొడుక్కీ వచ్చింది. దానికి తోడు పని నేర్పిన కోదాడ దానియేలు మేస్త్రీ ఒకడు. "భయపడేవాడి చేతిలో పడ్డ బండే ఇంటికి చేరుద్దిరా" అని చెప్పి పంపాడు. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

"నీ భయానికి మందు లేదురా బీరన్నా" అనేవాణ్ణి.

"లేకుంటేనే మంచిదన్నా" అని నవ్వేవాడు.

అది 2012 ఎండాకాలం. మిర్యాలగూడ నుంచి సుధాకర్ సార్ కొత్త డీజిల్ కారు వేసుకుని వచ్చాడు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు తిప్పే మనిషి. చేతిలో హైదరాబాద్ నుంచి తెచ్చిన ఒక పెట్టె ఉంది, రిమోటుతో కారు స్టార్ట్ చేసేది.

"మా బామ్మర్ది ఇంట్ల కూసొని బటన్ నొక్కితే కారు స్టార్ట్ అయితది. మనం పొయ్యి కూసునేసరికి ఏసీ చల్లగ ఉంటది. నాకు గట్లనే కావాలె" అన్నాడు.

బీరన్న పెట్టె విప్పకుండానే భయపడ్డాడు. "ఆయనది కంపెనీల నుంచే వచ్చింది సార్. దానికి ఆటోమేటిక్ గేరు. పార్కింగ్‌ల లేకుంటే అది స్టార్టే కాదు. మనది చేత్తోని ఏసే గేరు. గేరుల ఉండంగ స్టార్ట్ అయితే కారు ముంగటికి దుంకుతది."

అయినా బిగించాడు. గేరులో ఉండగా స్టార్ట్ కాకుండా ఆ పెట్టెలోనే ఒక కట్టడి ఉంది. దిగేముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజన్ నడుస్తుండగానే తాళంచెవి తీసి దిగాలి. డోరు మూశాక ఇంజన్ తనంతట తనే ఆగుతుంది. అప్పుడే రిమోటు పనిచేస్తుంది. ఆ తరువాత ఎవరైనా డోరు తెరిచారంటే, లోపల గేరు కదిపారేమోనన్న అనుమానంతో ఆ పెట్టె ఇక రిమోటు మాట వినదు. డోరు తెరిచిన సంగతి దానికి చేరవేసేది ఒక సన్నటి నీలం వైరు.

వారం తిరక్కుండా సుధాకర్ సార్ మండిపడుతూ వచ్చాడు. కాగితం కోసం డోరు తీసినా రిమోటు చచ్చిపోతోందట. రెండోసారి వచ్చాడు. మూడోసారి వచ్చి నలుగురిలో తిట్టాడు. "పని రాకుంటే రాదని చెప్పు. కంపెనీ దానికి లేని లొల్లి నీదానికెందుకు?"

ఇక్కడే నా నోరు ఊరుకోలేదు. ఉన్నమాట చెప్పాలి, అంతకుముందు రోజే ఆయన తన లారీలన్నిటికీ సీటు కవర్లు నా దగ్గరే కుట్టిస్తానన్నాడు. ఆ మనిషి కోపంతో వెళ్లిపోతే నా పనీ పోతుంది. బీరన్నను పక్కకు లాగాను.

"ఆ ఒక్క వైరు కోసి పారెయ్‌రా. సార్ సదువుకున్నోడు, గేరు తియ్యాలని తెల్వదా? ఇంత పిరికోనివి షాపెందుకు పెట్టినవ్?"

బీరన్న కారు లోపలికి వంగి నీలం వైరు కోశాడు, గేరు ఎప్పుడూ న్యూట్రల్‌లోనే ఉందని పెట్టెను ఏమార్చే జంపరు తీగ ఒకటి వేశాడు. సుధాకర్ సార్‌తో మూడుసార్లు చెప్పాడు, ఎన్నడూ గేరులో ఆపొద్దని. ఆయన సరేనన్నాడు. నిజంగానే ఆయన ఎన్నడూ అలా ఆపలేదు.

పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక వెంకన్న అనే మనిషి బస్సు దిగి చాయ్ తాగడానికి మా ముందు ఆగాడు. ఇరవై ఏళ్లు సున్నపురాయి లారీ నడిపినవాడు. సుధాకర్ సార్ కారుకు ఐదు రోజుల కింద డ్రైవరుగా కుదిరి, ఆ పూట సెలవు మీద ఊరికి పోతున్నాడు. బీరన్నకు పాత పరిచయం.

"పొద్దుగాల కారు షెడ్డుల పెట్టి అచ్చిన" అన్నాడు వెంకన్న.

బీరన్న గ్లాసు కింద పెట్టాడు. "గేరు ఏం జేసినవ్?"

"ఏం జేస్త? ఫస్టు గేరుల ఏసిన. ఇరవై ఏండ్ల సంది గంతే. హ్యాండ్‌బ్రేకును నమ్ముతడా ఎవడన్న?"

మా వైపు లారీ డ్రైవర్లందరిదీ అదే అలవాటు. ఏటవాలు ఉంటే గేరు, ఇంకా అనుమానం ఉంటే టైరు కింద రాయి. హ్యాండ్‌బ్రేకు ఎవరూ లాగరు. అది బీరన్నకూ తెలుసు, నాకూ తెలుసు. వైరు కోసిన రోజు ఇద్దరికీ గుర్తు రాలేదు.

"సార్ నీకేం చెప్పలేదా?"

"ఏం చెప్పాలె? గీ ఐదు దినాలు నేనే తాళంచెవితోని స్టార్ట్ చేసిన. ఇయ్యాల మూడు గంటలకు కోదాడకు పోతరట, ఆయనే నడుపుకుంట పోతరు."

బీరన్న లేచి నిలబడ్డాడు. "కారు ముంగట ఏముంటది వెంకన్నా?"

"గోడ. గోడకూ కారుకూ నడుమ సుందరమ్మ మంచం. సార్ వాళ్ల అమ్మ. కరెంటు పోతే గాలికి గాడనే పంటది. చెవులు కూడ వినరావు పాపం."

ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు ఉన్న రోజే లేదు.

బీరన్న ఫోన్ తీసి నొక్కాడు. సుధాకర్ సార్ ఫోన్ స్విచ్ఛాఫ్. వెంకన్న దగ్గర ఉన్నదీ అదే నంబరు. నేను బైకు తీశాను. అప్పటికి రెండు కావస్తోంది. మిర్యాలగూడ నలభై కిలోమీటర్ల పైమాటే.

ఆ దారి నేను వందసార్లు పోయి ఉంటాను, ఆ రోజు మాత్రం తరగలేదు. బీరన్న వెనక కూర్చుని ఫోన్ చేస్తూనే ఉన్నాడు. "తొందరగ పోనియ్యన్నా" అంటాడు, మరుక్షణం "మెల్లగన్నా, మనం పడితే ఆమెకు చెప్పేటోడు లేడు" అంటాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు గుర్తొచ్చింది ఆ ముసలామె కాదు. కోయమన్నది నేనని పోలీసులకు తెలుస్తుందా అన్నదే నా భయం.

మిర్యాలగూడ పొలిమేరలో రైస్ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి రోడ్డంతా ఆపేశాయి. నేను మట్టిలోకి దించాను, బైకు జారింది, ఇద్దరం పడ్డాం. బీరన్న లేచి మోచేతి నెత్తురు చూసుకోకుండా బండి లేపాడు. గడియారంలో పది తక్కువ మూడు.

వెంకన్న చెప్పిన గుర్తులతో ఇల్లు దొరికేసరికి మూడుకు రెండు నిమిషాలే ఉంది. రెండంతస్తుల ఇల్లు. గేటు దాటితే పక్కనే రేకుల షెడ్డు. కారు గోడకేసి నిలబడి ఉంది. గోడకూ బంపరుకూ నడుమ నవారు మంచం, దాని మీద ముఖాన కొంగు కప్పుకుని సుందరమ్మ. పొట్ట మెల్లగా లేస్తూ పడుతూ ఉంది. ఆమె బతికే ఉందని చూసి నాకు ఏడుపొచ్చింది.

"సార్! సుధాకర్ సార్!" అని బీరన్న మేడకేసి అరిచాడు. పైన కిటికీలు మూసి ఉన్నాయి. పరుగెత్తి కారు అద్దంలోంచి చూశాడు. ఫస్టు గేరు. డోర్లు లాక్. బానెట్ ఎత్తే మీట కూడా లోపలే.

అప్పుడు కారు ఇండికేటర్లు రెండుసార్లు వెలిగి ఆరాయి.

పైన ఆయన బటన్ నొక్కాడు. డీజిల్ బండి కాబట్టి ఇంజన్‌లోని హీటరు వేడెక్కేదాకా ఐదు లెక్కబెట్టినంతసేపు ఆగి స్టార్ట్ అయ్యేలా బీరన్నే పెట్టాడు. ఆ సంగతి బిగించిన రోజే నాకు చెప్పాడు కూడా.

ఒకటి. బీరన్న మంచం పట్టుకుని పక్కకు లాగాడు. రెండు. మంచం కోడు నీళ్లు పోయే కాల్వలో ఇరుక్కుంది, కదల్లేదు. మూడు. పిరికి బీరన్న కారుకూ గోడకూ మధ్యలోకి దిగాడు. నాలుగు. ఆమె నడుం కింద రెండు చేతులూ వేసి, గొర్రెపిల్లను ఎత్తినట్టు ఎత్తి అవతలికి తోశాడు.

కారు దూకింది. మంచం విరిగిన చప్పుడూ, బీరన్న కేకా ఒక్కసారే వినిపించాయి. బంపరు గోడకు కొట్టుకుని ఇంజన్ ఆగిపోయింది.

సుందరమ్మ నేల మీద లేచి కూర్చుని, ఏం జరిగిందో తెలియక బీరన్నను బూతులు తిడుతోంది. అతను గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎడమ మోకాలు బంపరుకూ గోడకూ నడుమ నలిగిపోయింది. ఆమె తిట్లు వింటూ నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు.

సుధాకర్ సార్ మెట్లు దిగి వచ్చాడు. ముందు బంపరు చూశాడు. తరువాత మంచం చూశాడు. ఆపైన తల్లిని చూసి అక్కడే కూలబడ్డాడు.

"వైరు కోసింది నేనే సార్" అన్నాడు బీరన్న. "తప్పు నాదే."

నా పేరు చెప్పలేదు. దవాఖానలో కాలికి కట్టు వేశాక ఎందుకు చెప్పలేదని అడిగాను.

"కోసింది నా చెయ్యేగదన్నా" అన్నాడు. "నువ్వు గూడ భయపడ్డవు గద, గంత దూరం బండి తోలినవ్" అని నన్నే ఓదార్చాడు.

ఇప్పుడు బీరన్న కుంటుతూ నడుస్తాడు. కార్ల వెనక పరుగెత్తలేడు. నాలుగోసారి చూడాల్సి వస్తే నన్ను పంపుతాడు, నేను పరుగెత్తి ఆపుతాను. రోడ్డు మీది వాళ్లు ఇప్పటికీ అతన్ని పిరికి బీరన్న అనే పిలుస్తారు. వాళ్లకు నేను ఒక్క సంగతి ఇంతవరకూ చెప్పలేదు. ఆ రోజు ఐదు లెక్కబెట్టేదాకా నేను గేటు బయటే, బైకు పట్టుకుని నిలబడి ఉన్నాను.