హొళగుంద ఆడోళ్ల వంటల పుస్తకం

ఊర్లల్లో మహిళా మండలి వాళ్లు అచ్చేయించే చిన్న చిన్న వంటల పుస్తకాలు దాచుకోవడం నాకు అలవాటు. పొద్దున హొళగుంద మహిళా మండలి నడిపే గంగమ్మక్క ఫోన్ చేసింది. బడి పిల్లోళ్లకు తాగేనీళ్ల ఫిల్టర్ పెట్టించేకి అప్పట్లో వాళ్లు ఇల్లిల్లూ తిరిగి అమ్మిన పుస్తకం ఇప్పుడు ఆ ఊర్లోనే ఒక్కటీ లేదంట. మళ్లీ అచ్చేయాలంట. నాకాడ ఉంది గదా అని ఆదోనిలో బస్సెక్కి పోయి ఇచ్చినాను.

"యాడ పెట్టుకున్నావమ్మా, నలగనే లేదు?" అనింది గంగమ్మక్క.

"బీరువాలో, పట్టుచీరల పక్కన పెట్టినానక్కా."

ఆమె అక్కడుండే ఆడోళ్లందరికీ ఆ మాటే చెప్పింది. పుస్తకంలో బుడ్డల పొడి, అదే వేరుశనగల పొడి, ఎట్ల చేయాలో రాసిన ఖాజాబీ తన పేజీ తీసి, పేరు మీద వేలు పెట్టి పక్కనామెకు చూపించింది.

నేను వచ్చేటప్పుడు గంగమ్మక్క, "కొత్త పుస్తకంలో నీ వంట కూడా ఒకటి రాయమ్మా. నువ్వు దాచకుంటే ఇది యాడుంటుండె?" అనింది.

ఇన్ని పుస్తకాలు దాచినాను గానీ ఒక్కదాంట్లోనూ నా పేరు లేదు. బస్సులో దారి పొడుగూతా అదే ఆలోచన. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన బొరుగులతో చేసే ఉగ్గాని రాయమన్నాడు. మా అత్త మాత్రం, "నువ్వు చేసే చింతాకు పప్పు రాయి, అట్ల ఎవరూ చేయలేరు" అనింది. నా పప్పు ఆమెకు నచ్చుతుందని నాకు ఈ రోజే తెలిసింది. మీరైతే ఏ వంట రాస్తారు?