పడవచెక్కల తలుపు

అరవైల మొదట్లో నెల్లూరు జిల్లాలోని ఒక మునిసిపాలిటీలో ఇంటిపన్ను గుమాస్తాగా పనిచేశాను. ఇంటికి నంబరు వేస్తే పన్ను, పన్ను కడితే కుళాయి. ఖజానా ఎప్పుడూ ఖాళీయే కాబట్టి పన్ను రాని వీధికి గొట్టం వెళ్లేది కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారిని నేను. ఆ పొగరు కూడా కొంచెం ఉండేది.

నేను చేరడానికి ముందు ఏడాది పులికాట్ సరస్సు ఎండి, చేపలు పడక, కొన్ని కుటుంబాలు ఊళ్లోకి కూలికి వచ్చి కాలవగట్టు మీద గుడిసెలు వేసుకున్నాయి. తాగేదీ ఆ కాలవ నీళ్లే. ఎండాకాలంలో వాంతిభేదితో ఒకామె కొడుకు పోయాడు. పిల్లల్లో కూతురొక్కతే మిగిలింది. మళ్లీ ఎండలు ముదిరేలోగా గట్టుకు కుళాయి కావాలని ఆమె మా ఆఫీసు చుట్టూ తిరిగేది.

"మేమూ పన్ను కడతాం సామీ. ఊరికే ఇయ్యమంటంలా."

కడతామన్నా మేం తీసుకోం. ఆ గట్టు సర్కారు పోరంబోకు. రసీదిస్తే రేపు వాళ్లను లేపలేం. ఆ సంగతి చెప్పడానికి బద్ధకించి, వదిలించుకోవడానికి ఒక మాట అనేశాను.

"నంబరు తలుపు మీద రాయాలమ్మా. నీ గుడిసెకు ఉండేది తాటాకు తడిక. యాడ రాసేది?"

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. పీడ వదిలిందనుకున్నాను.

నెల తర్వాత వచ్చి, చూద్దురు రమ్మంది. వెళ్లాను. తడిక పోయి తలుపు వచ్చింది. వంపు తిరిగిన చెక్కలు, సందుల్లో తారు, పైచెక్క మీద ఇంకా చెరగని పసుపు కుంకుమలు. నీళ్లొస్తే తిరిగి పోదామని సరస్సు ఒడ్డున బోర్లించి వచ్చిన పడవ అది. ఆమె మొగుడు అక్కడికి వెళ్లి, దాన్ని విప్పి, లారీ మీద వేసుకొచ్చాడు.

"ఇప్పుడు రాయండి సామీ," అంది.

అప్పుడు నిజం చెప్పాను. చచ్చేంత సిగ్గేసింది. ఆమె తిట్టలేదు.

"ముందే చెప్పుంటే పడవన్నా మిగిలేది గదా," అంది.

కుళాయికి సిఫార్సు రాశాను. నిధులు లేవని తిరిగొచ్చింది. మా ఇంటి కుళాయిలో పట్టుకోమన్నాను. ఆ ఎండాకాలమంతా తల్లీకూతుళ్లు పొద్దున్నే బిందెలతో వచ్చేవారు. నాతో మాట్లాడేవారు కాదు.

ఆ ఏడు వానలు బాగా పడి సరస్సు నిండింది. గట్టు మీది మిగతా కుటుంబాలన్నీ తమ పడవల దగ్గరికి తిరిగి వెళ్లిపోయాయి. తలుపున్న గుడిసె ఒక్కటే మిగిలింది.