ఏడో పూస

ఆ రోజుల్లో కంప్యూటర్ కంటే నేనే తెలివైనవాణ్ణని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు తలచుకుంటే, పెళ్లి ఫొటోలో నా బెల్‌బాటం ప్యాంటు చూసినంత సిగ్గేస్తుంది. ఎనభైల మొదట్లో మిషిగన్‌లోని నోవైలో, కార్ల డాష్‌బోర్డు దీపాలను పరీక్షించే యంత్రాలు చేసే చిన్న కంపెనీలో నా తొలి ఉద్యోగం. మూడు దీపాలు, వాటికి ఎ, బి, సి అని పేర్లు. అవి ఒకదాని తరవాత ఒకటి మొత్తం ముప్ఫైసార్లు వెలగాలి, కానీ ఆ వరసలో ఏ ముక్కా వెంటనే మళ్లీ రాకూడదు. ఎ పక్కన ఎ కూడదు, ఎబి పక్కన ఎబి కూడదు. (మన గబగబకీ చకచకకీ ఆ యంత్రంలో చోటు లేదన్నమాట.) అలాంటి వరసలు అక్షరక్రమంలో మొదటి వంద కావాలన్నాడు మా పెద్దాయన. "శుక్రవారం కస్టమర్ వస్తాడు. నిన్ను పనిలో ఉంచుకోవాలా వద్దా అన్నదీ ఆ రోజే చూద్దాం," అని చల్లగా సెలవిచ్చాడు.

నా ప్రోగ్రామ్ ముప్ఫై అక్షరాలూ పేర్చి, అప్పుడు తప్పు వెతికి, మొత్తం పారేసి, మళ్లీ మొదటి నుంచి పేర్చేది. మొదటి రెండూ ఎ, ఎ అయినప్పుడే ఆ వరస చెడిందని దానికి తోచదు. (రాసినవాడికే తోచలేదు మరి.) సోమవారం మొదలెడితే బుధవారానికి ఒక్క వరసా రాలేదు.

ఆ సాయంత్రం అన్నం కెలుకుతూ కూర్చున్నాను. మా ఆవిడ అమెరికా వచ్చి నాలుగు నెలలు. బయట మంచు, తనకి డ్రైవింగ్ రాదు, మాట్లాడటానికి నేనొక్కణ్ణే. ఆ నేనూ మూడు రోజులుగా "ఊఁ" దాటడం లేదు. పక్కింటి పాప కోసం పూసల దండ గుచ్చుతూ అడిగింది.

"ఏమండీ, జాబ్ పోతుందా?"

"నీకు అర్థం కాదులే."

"పోయాక ఎలాగూ అర్థమవుతుంది. ఇప్పుడే చెప్పండి."

చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాను. ఆమె ఎర్ర పూస ఎ, పచ్చది బి, నీలం సి అనుకుని గుచ్చసాగింది. పూస ఎక్కించిన ప్రతిసారీ, ఏ ముక్కయినా మళ్లీ వచ్చిందా అని వెనక పూసల్ని చూసుకునేది. పనికిరాకపోతే తరవాతి రంగు. ఏడు పూసలు కుదిరాయి. ఎనిమిదో చోట ఏ రంగూ కుదరలేదు.

"చూశావా? ఇక దండంతా తీసెయ్యాల్సిందే," అన్నాను, ఏదో గెలిచినట్టు.

"అంతా ఎందుకండీ?" అని ఏడో పూస ఒక్కటే తీసింది. "దీని రంగు మార్చి చూస్తా. కుదరకపోతే ఆరోది. ఎవరైనా మొదటిదాకా విప్పుకుంటారా?"

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

గురువారం ప్రోగ్రామ్ అలాగే మార్చాను. కాఫీ చల్లారేలోపు వంద వరసలూ అచ్చయ్యాయి. శుక్రవారం పెద్దాయన నా భుజం తట్టి, ఎలా తట్టిందని అడిగితే, "ఆలోచించాను," అన్నాను.

ఇంటికొచ్చి ఉద్యోగం నిలిచిందని చెబితే, ఆమె ముఖం వెలిగిపోయింది. "పూసల సంగతి చెప్పారా?" నేను నేల చూపులు చూశాను. "పోన్లెండి, చెబితే నవ్వుతారు," అంది మెల్లగా. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

సోమవారం పొద్దున్నే వెళ్లి నిజం చెప్పాను. పెద్దాయన పగలబడి నవ్వి, ఆ వంద వరసల జాబితా పైన "మిసెస్" అని మా ఇంటిపేరు చేర్చి, థాంక్స్ రాసి ఇచ్చాడు. తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివింది.

"ఇందులో నా పేరేదీ?"

"మిసెస్ అంటే నువ్వే కదా!" అన్నాను.

ఆమె నా జేబులో పెన్ను తీసుకుని, ఆ పక్కన తన పేరు తెలుగులో, గుండ్రంగా, పూర్తిగా రాసుకుంది. అప్పుడు నవ్వింది, నాలుగు నెలల్లో మొదటిసారి మనసారా. ఆ కాగితం పసుపురంగుకి తిరిగినా ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని తీసినప్పుడల్లా, అంత ఉదారంగా "నువ్వే కదా" అన్న ఆ కుర్ర ఇంజనీరుని పక్కన కూర్చోబెట్టుకుని, ముందు నీ భార్య పేరు పలకడం నేర్చుకోరా అబ్బాయ్ అని చెప్పాలనిపిస్తుంది.