రెండు జెండాలు, ఒక పప్పు డబ్బా

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి సిగ్గే కారణం అనుకునేరు. సిగ్గు కాదు, రాయడం రాదు. నలభై ఆరేళ్లు వచ్చేదాకా నా పేరు నాకు ఎదురొచ్చినా పలకరించేదాన్ని కాదు. ఎక్కడ ఏ కాగితం పెట్టినా బొటనవేలు చాపడమే. ఇప్పుడు నాలుగు అక్షరాలు వచ్చాయి కాబట్టి, మొట్టమొదట నా పరువు పోయిన కథే రాసి పెడదామని కూర్చున్నాను. రాయచోటి వైపు నుంచి కువైట్ వచ్చి ఇళ్లలో పని చేసుకునే ఆడవాళ్లలో, చేతిలో ఫోను పెట్టుకుని ఇంత నిండా మునిగినది నేనొక్కదాన్నే అని నా నమ్మకం. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, తోడు దొరికిందని సంతోషిస్తాను.

నా ఫోనులో పేర్లన్నీ తెలుగులో ఉండేవి. మా ఇంటి డ్రైవరు మస్తానన్న, కడప మనిషి, ఓపిగ్గా ఒక్కొక్కటీ కొట్టిపెట్టాడు. పెట్టి ఏం లాభం? నేను బొమ్మల్ని బట్టి పోయేదాన్ని. ఆకుపచ్చ గుర్తు నొక్కితే మనుషులంతా గుండ్రటి బొమ్మలుగా వరుసలో నిలబడతారు కదా. ఎర్ర గులాబీలంటే జరీనక్క. తెల్ల కారంటే మస్తానన్న. తెల్లకోటు పిల్లంటే కడపలో నర్సు చదువు చదివే నా కూతురు. కాఫీ కప్పు అంటే మా మామా, అంటే నేను పనిచేసే ఇంటి యజమానురాలు. ఇక్కడ మేమంతా మేడంను మామా అనే అంటాం. వాళ్లు నాకు మాటలు పంపేవాళ్లు, నేను మైకు నొక్కి మాటలు పంపేదాన్ని. అక్షరం ముక్క అక్కర్లేకుండా సంసారం సాగిపోయేది.

జరీనక్క మా వైపు మనిషే, పక్క వీధిలో ఇంకో ఇంట్లో పని. లోకంలో కొత్త ఫోను వచ్చినా, పాత ఫోను పేలినా, ఆ కబురు ముందు ఆమెకే తెలిసేది. చెత్త పారెయ్యడానికి ఇద్దరం ఒకే వేళకు వెళ్లేవాళ్లం, అదే మాకు వార్తల సమయం.

"ఏంమే రెడ్డెమ్మా, ఫోను మన మాటలన్నీ వింటాదంట. నిన్న నేను మోకాళ్ల నూనె అంటినా, ఈ పొద్దు దాంట్లో మోకాళ్ల నూనె బొమ్మ వచ్చిండాది!"

"అమ్మో! కన్ను గూడా ఉండాది కదక్కా దానికి?"

"ఉండాది మరి. నువ్వు తల దువ్వుకునేది గూడా చూస్తాదంట."

"నా తలలో ఏముందని చూస్తాది, పేలా?"

పైకి అలా అన్నాను కానీ లోపల గుబులు పుట్టింది. గదికి పోయి ఒక బొట్టుబిళ్ల తీసి ఫోను కన్ను మీద అంటించాను. ముత్తైదువలా కళకళలాడింది. రహస్యం మాట్లాడవలసి వస్తే ఫోనును బియ్యం డ్రమ్ములో పెట్టి మూత వేసేదాన్ని. మరి జరీనక్కకు రహస్యాలు పంపేది ఏ ఫోనులోంచి అని అడుగుతారేమో. అదే ఫోనులోంచి. ఆ అనుమానం మీకు వచ్చింది, నాకు రాలేదు. అక్షరాలకూ తెలివికీ సంబంధం లేదంటారు గానీ, కొంచెం ఉన్నట్టే ఉంది.

ఇలా ఉండగా మామా ఒకరోజు దజీజ్ బజారుకు వెళ్లి ఒక యంత్రం తెచ్చింది. చపాతీ పెనం అంత గుండ్రంగా ఉంటుంది, కింద చక్రాలు, పక్కన మీసంలాంటి కుంచె. మీట నొక్కితే ఇల్లంతా దానంతట అదే తిరిగి ఊడుస్తుంది. గోడ తగిలితే వెనక్కి తిరిగి, మళ్లీ ఏమీ ఎరగనట్టు పోతుంది.

"రెద్దీమా," అంది మామా. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో నా పేరు అదే. "ఇకనుంచి ఊడ్చే పని ఈ మకీనాది."

ఆ మాట నా చెవిలో ఎలా పడిందో తెలుసా? 'ఇకనుంచి నీతో పనిలేదు' అని పడింది. నా ఇఖామాకు, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డుకు, గడువు ఇంకో రెండు నెలలే ఉంది. మామా కొత్తది చేయిస్తేనే ఈ దేశంలో ఉంటాను, లేదంటే ఇంటికే. కూతురికి ఇంకా ఒక ఏడాది చదువు మిగిలే ఉంది. ఏడాది నిలబడాలి. ఒక పెనం వచ్చి నా పొట్ట కొడితే చూస్తూ ఊరుకుంటానా?

యుద్ధం మొదలుపెట్టాను. దాన్ని బోర్లించి మీసం పీకాను. పప్పు డబ్బాలో అడుక్కు దోపి పైన కందిపప్పు కప్పాను. మీసం లేని మకీనా, దుమ్మునంతా పోగుచేసి ఒక మూల నుంచి ఇంకో మూలకు మర్యాదగా మార్చి పెట్టేది. మామా మస్తానన్నను దజీజ్ పంపింది. వాళ్లు కొత్త మీసం పెట్టి పంపారు. అదీ పప్పులోకే పోయింది. నేను మాత్రం తెల్లారకముందే చీపురు పట్టి ఇల్లంతా అద్దంలా చేసి, "మామా, మకీనా బాగాలేదు" అని విచారంగా తల ఊపేదాన్ని.

ఇంత ఘనకార్యం చేసి ఎవరికీ చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు.

ఫిబ్రవరి వచ్చింది. కువైట్ జాతీయ దినాలు. ఇళ్ల మీద జెండాలు, కార్ల మీద జెండాలు, పిల్లల చెంపల మీద జెండాలు. జరీనక్క కూడా గులాబీలు తీసేసి జెండా పెట్టింది. "ఈ పొద్దు నుంచి జెండా అంటే నేనే, గుర్తు పెట్టుకో" అని కబురు పంపింది. గుర్తు పెట్టుకున్నాను. జెండా అంటే జరీనక్క.

రెండు రోజుల తర్వాత కాఫీ కప్పు కూడా జెండా అయింది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం మామా మేడ మీద నుంచి, చక్కెర లేని టీ పంపమని నాకొక మాట పంపింది. ఫోను టింగుమనగానే బొమ్మ చూడకుండానే నొక్కి విన్నాను, టీ ఇచ్చి వచ్చాను. వంటగదిలో ఎవరూ లేరు. జరీనక్కకు అంతా చెప్పుకుందామని ఫోను తీశాను. అందరికంటే పైన జెండా మెరుస్తోంది. మైకు నొక్కి పట్టుకున్నాను.

"అక్కా, ఈ పొద్దు గూడా ఆ మకీనా మొగాన దుమ్ము కొట్టినా! రెండు కుంచెలు పప్పు డబ్బాలో ఉన్నాయి. మామా ఏమో అంగడోణ్ణి తిడతాండాది పాపం. అయినా ఆయమ్మ సంగతి నీకు తెల్సునా? అందరి ముందర లావు తగ్గాల, రెజీమ్, రెజీమ్ అని ఆకులు నములుతాది. ఎవరూ లేకుంటే ఫ్రిజ్ తలుపు చాటున నిలబడి కునాఫా మిఠాయి తింటాది! అడిగితే మస్తానన్న తిన్యాడంటాది. ఆయన మాత్రం తక్కువోడా? మిర్కాబ్‌లో మామా బట్టలు టైలర్ దగ్గర తేవాలని పోయి, మనోళ్ల హోటల్లో బిర్యానీ ముందర రెండు గంటలు కూర్చుంటాడు. అందరూ దొంగలే అక్కా ఈ ఇంట్లో, నేనొక్కదాన్నే మంచిదాన్ని!"

చివర్లో మామా గొంతు పెట్టి, "యల్లా రెద్దీమా, యల్లా! వేన్ కునాఫా?" అని కునాఫా ఎక్కడని వెతుకుతున్నట్టు నటించి కూడా చూపించాను. వేలు తీశాను. పోయింది.

పావుగంటకు జరీనక్క ఫోను చేసింది.

"ఏందో మాట పంపుతానంటివి, రాలేదే?"

"పంపితినే! జెండాకు!"

"ఏ జెండాకు మే?"

అప్పుడు చూశాను. ఒక జెండా పైన. ఇంకో జెండా కింద.

"అక్కోవ్..."

"తుడిపెయ్, తుడిపెయ్! గట్టిగా నొక్కి పట్టుకో, చెత్తబుట్ట బొమ్మ వస్తాది, దాన్ని నొక్కు."

"రెండు మాటలు వచ్చినాయక్కా, పైదా, కిందిదా?"

"నేనెప్పుడూ కిందిదే నొక్కుతా."

కిందిది నొక్కాను. మాయమైంది. దేవుడికి దండం పెట్టుకున్నాను. తర్వాత తెలిసిందేమిటంటే, పైది నొక్కితే అందరి దగ్గరా పోతుంది, కిందిది నొక్కితే నా దగ్గర మాత్రమే పోతుంది. సాక్ష్యం మామా దగ్గర క్షేమంగా ఉంది. నాకే లేకుండా పోయింది.

"రెద్దీమా! తాలీ!"

రమ్మని పిలుపు. హాల్లో మామా సోఫా మీద ఫోను పట్టుకుని కూర్చుని ఉంది. పక్కన కాలేజీలో చదివే కూతురు దానా.

"ఏమిటిది? ఎవరికైనా ఒంట్లో బాగాలేదా? ఇంతసేపు మాట్లాడావు!" అంది మామా. గొంతులో నిజంగా కంగారు. అది విని నా ప్రాణం ఇంకా చచ్చింది.

నేను నోరు తెరిచేలోపు మస్తానన్నను పిలిపించారు. ఆయన ఫోను చెవికి ఆనించుకున్నాడు. ముందు నవ్వు మొహం. కునాఫా దగ్గర కళ్లు పెద్దవయ్యాయి. మిర్కాబ్ బిర్యానీ దగ్గర మొహం తెల్లబడింది. నా వైపు చూశాడు. ఆ చూపుకు తర్జుమా అక్కర్లేదు.

"ఏమంటోంది?" అంది మామా.

"మీ కోసం దువా చేస్తోంది మామా," అన్నాడు అరబీలో, చేతులు కట్టుకుని.

"ఇంతసేపా?"

"మా భాష పొడుగు మామా."

"కునాఫా అంది. నేను విన్నాను. దువాలో కునాఫా ఏమిటి?"

"స్వర్గంలో మీకు రోజూ కునాఫా దొరకాలని."

"రెజీమ్?"

"అక్కడ రెజీమ్ ఉండకూడదని."

మామా కరిగిపోతున్నట్టే ఉంది. ఇంకో నిమిషం ఆగితే నన్ను లేచి కౌగిలించుకునేది. అప్పుడు దానా తన ఫోను ముందుకు చాపింది. "ఆగు, యుమ్మా. ఇది ఏ భాషనైనా అరబీలోకి మారుస్తుంది."

మస్తానన్న గోడకు ఆనుకున్నాడు. నాకు ఆనుకోవడానికి గోడ దూరంగా ఉంది.

దానా ఫోను నా మాటలన్నీ విని, కాసేపు ఆలోచించి, వార్తలు చదివే ఆడమనిషి గొంతుతో అరబీలో మొదలుపెట్టింది. "అక్క ముఖం మీద మేఘం కొట్టింది. అమ్మ ఆకుల్ని తిడుతోంది. తలుపు తింటోంది." దానా మొహం చిట్లించింది. నాకు కొంచెం ఊపిరి ఆడింది. ఎంత పెద్ద కంపెనీవాళ్లైనా రాయచోటి మాటను అర్థం చేసుకునే యంత్రం ఇంకా చెయ్యలేదన్నమాట! మనసులో మా ఊరికి ఒక నమస్కారం పెట్టాను.

అంతలో ఆ గొంతు ఉన్నట్టుండి స్పష్టంగా, గంట కొట్టినట్టు అంది. "రెండు కుంచెలు పప్పు డబ్బాలో ఉన్నాయి."

ఖలాస్.

మామా లేచింది. వంటగదిలోకి నడిచింది. వెనక దానా, దానా వెనక మస్తానన్న, అందరి వెనకా నేను. పప్పు డబ్బా దించి, బంగారు గాజుల చెయ్యి మోచేతిదాకా పెట్టి, ఒక మీసం తీసింది. ఇంకొకటి తీసింది. రెంటికీ కందిపప్పు అంటుకుని ఉంది.

"ఎందుకు చేశావు?"

అబద్ధానికి చోటు లేదు. నాకొచ్చిన విరిగిన అరబీలో చెప్పాను. "మకీనా ఊడిస్తే రెద్దీమా ఎందుకు మామా? ఇఖామా ఒక నెలే. నా కూతురు స్కూలు ఇంకా ఒక సంవత్సరం. నాకు భయం." ఏడుపొచ్చింది. నిజం ఏడుపే, కానీ మధ్యలో ఎక్కిళ్లు రావడంతో దానికి గౌరవం తగ్గింది.

మామా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పోయిన చలికాలమంతా, చీపురు పట్టినప్పుడల్లా 'మోకాలు మామా, మోకాలు మామా' అని ఎవరు అరిచారు?"

నేనే. ఒక్కరోజు సెలవు దొరుకుతుందేమోనని కొంచెం ఎక్కువగానే అరిచాను.

"అందుకే కొన్నాను. నీ మోకాళ్ల కోసం. ఈ మకీనా మచ్‌బూస్ వండుతుందా? నా బట్టలు ఎక్కడున్నాయో దానికి తెలుసా? ఇఖామా కాగితాలు పోయిన వారమే ఇచ్చేశాను, మజ్నూనా!"

మజ్నూనా అంటే పిచ్చిదానా అని. ఆ మాట అంత తియ్యగా ఎప్పుడూ వినలేదు. దానా అప్పటికే నవ్వు ఆపుకోలేక ఫ్రిజ్‌కు ఆనుకుంది. మామా ఆ ఫ్రిజ్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, దగ్గరకు వంగి నా చెవిలో అంది.

"మరి ఆ కునాఫా సంగతి... ఎవరికైనా చెప్పావా?"

"లేదు మామా. మీకొక్కరికే చెప్పాను."

నిజమే కదా. జరీనక్కకు చేరలేదు.

ఫోను దొంగచాటుగా వింటుందని వారాలపాటు బొట్టుబిళ్ల పెట్టి, బియ్యంలో పూడ్చి కాపాడుకున్న రహస్యాన్ని, ఎవరూ అడగకుండానే నా బొటనవేలితో నేనే నడిపించుకెళ్లి అప్పజెప్పాను. కాబట్టి పప్పు డబ్బా సాక్షిగా, కందిపప్పు గింజ ఒక్కొక్కటీ సాక్షిగా, అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. బతికుండగా ఇంక ఏ బొమ్మనూ నమ్మను. జెండా అయినా సరే, గులాబీ అయినా సరే, నా సొంత కూతురి మొహమైనా సరే, కింద పేరు చదవకుండా ఒక్క దగ్గు కూడా పంపను.

మర్నాడు పొద్దున మకీనాకు మీసం నేనే పెట్టాను, పప్పు దులిపి. మీట నొక్కి ఇంట్లోకి వదిలి, ఇరవై ఏళ్లలో మొదటిసారి ఊడ్చే వేళకు కుర్చీలో కూర్చున్నాను. కారు తుడిచి లోపలికొచ్చిన మస్తానన్న ముందుకు ఆ మకీనా అట్టపెట్టె ముక్కనూ, ఒక పెన్నునూ తోశాను.

"అన్నా, అక్షరాలు నేర్పు."

"అబ్బో! నా బిర్యానీ సంగతి ఊరంతా రాసి పెట్టడానికా? సరే, అ ఆ రాసిస్తా, దిద్దు."

"అ ఆలు తర్వాతన్నా. ముందు 'మామా' అని రాసియ్యి."