జహీరాబాద్ కంట్రోల్ రూమ్‌లో ఆగిపోయిన అంకె

పొద్దున ఆరున్నరకు లింగంపల్లిలో జహీరాబాద్ బస్సెక్కాను. ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే కంప్యూటర్లను తనిఖీ చేయడం నా వృత్తి. మొగుడంపల్లి దారిలో ఉన్న ఒక సోయా నూనె ఫ్యాక్టరీ వాళ్లు రమ్మన్నారు. వారం కిందట అక్కడ ఒక ట్యాంకు అతిగా వేడెక్కి నూనె పొంగింది. శంకరప్ప అనే కార్మికుడి కాళ్లు కాలాయి. ఆ పూట కంట్రోల్ రూమ్‌లో ఉన్న ఆపరేటర్ యూసుఫ్ నిద్రపోయాడని పనిలోంచి తీసేశారు.

"కంప్యూటర్ మంచిగనే ఉందని మీరొక్క మాట చెప్తే అయిపోతది మేడం" అన్నాడు మేనేజర్ ఫోన్లో. చూడకముందే తీర్పు నా నోట్లో పెడుతున్నాడు. ఒళ్లు మండింది.

సదాశివపేటలో బస్సు కాసేపు ఆగుతుంది. టీ, టిఫిన్ అక్కడే కానిచ్చుకోవడం మేలు. పక్క సీట్లో ఝరాసంగం వెళ్లే పెద్దామె నా సంచీ వైపు చూసి పలకరించింది. "ఏడికి బిడ్డా?" అంది. ఎక్కడికో చెప్పాను. "నూనె ఫ్యాక్టరీకా? గాడ ఎవడో పండుకొని ఇంకోని కాళ్లు కాల్చిండంట కదా!"

నింద నాకంటే ముందే ఊళ్లన్నీ తిరిగొచ్చింది.

తొమ్మిది దాటాక జహీరాబాద్‌లో దిగాను. బస్టాండు బయట షేర్ ఆటోలు నిండితే గాని కదలవు. ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగేసరికి నలభై ఏళ్ల మనిషి ఎదురొచ్చాడు.

"నేనే యూసుఫ్‌ను మేడం. లోపలికి రానిస్తలేరు. జర నా మాట వినుర్రి. నేను పండుకోలే. తెర మీద వేడి చూపే అంకె ఎనభై దగ్గర్నే ఉండె. సూస్తనే ఉన్న."

"చూసి చెప్తాను, ఇక్కడే ఉండండి" అన్నాను.

కంట్రోల్ రూమ్‌లో గంట కూర్చునేసరికి నాకు తెలియని ఒక సాఫ్ట్‌వేర్ కనబడింది. ఈ కంప్యూటర్ తయారుచేసిన వాళ్లది కాదు, బయటి కంపెనీది. "అది మా సేట్ కోసం. హైదరాబాద్‌ల కూసొని తన ఫోన్ల ఇక్కడి ప్రొడక్షన్ సూసుకుంటడు" అన్నాడు మేనేజర్. ఎప్పుడు పెట్టారంటే, నూనె పొంగిన వారమేనట.

ఆ బయటి కంపెనీకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాను.

"ఫ్యాక్టరీలు నడిపే ఇలాంటి సిస్టమ్ మీద మీ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించారా?"

"మాది ఏ కంప్యూటర్ మీదైనా పనిచేస్తుంది మేడం. ఇప్పటిదాకా ఎవరూ కంప్లైంట్ చేయలేదు."

పెళ్లి వీడియోలు చూసే కంప్యూటర్, మరిగే నూనెకు కాపలా కాసే కంప్యూటర్ వాళ్లకు ఒకటే!

అదనంగా ఉన్న కంప్యూటర్‌లో ఫ్యాక్టరీని నడిపే ప్రోగ్రామ్‌ను, ఈ బయటి సాఫ్ట్‌వేర్‌ను కలిపి నడిపాను. ఒక డ్రమ్ములో నీళ్లు పోయించి, సెన్సర్ ముంచి, హీటర్ పెట్టించాను. మధ్యాహ్నం భోజనాల వేళకు, చేతి థర్మామీటర్‌లో పాదరసం ఎక్కుతూనే ఉంది గానీ తెర మీద అంకె యాభై రెండు దగ్గర నిలిచిపోయింది. తెర నల్లబడలేదు, తప్పు అని చూపలేదు. అలారం కూడా ఆ కంప్యూటర్‌లోదే కాబట్టి అదీ మోగలేదు. నీళ్లు మరుగుతున్నాయి, తెర మాత్రం అంతా బాగుందంటోంది.

"ఇది చూస్తూ కూర్చున్న మనిషినా మీరు నిద్రపోయాడన్నది?" అని అడిగాను. నా గొంతు పెరిగిందని నాకే తెలిసింది.

మేనేజర్ తల దించుకుని, "అది తీసేస్తే సేట్ ఊకుంటడా మేడం?" అన్నాడు.

"అయితే ట్యాంకులను వేడిచేసే ఆవిరి ఆపండి. ఇది బాగుందని నేను చెప్పను. ఎందుకు చెప్పనో మీ సేట్‌కూ, అధికారులకూ నేనే చెప్తాను."

అరగంట సేపు ఫోన్లు నడిచాయి. చివరికి నా కళ్ల ముందే ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసేశారు. యూసుఫ్‌ను మర్నాటి నుంచి పనిలోకి రమ్మన్నారు. అతనికి క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు.

తిరుగు దారిలో యూసుఫ్‌ను వెంటబెట్టుకుని శంకరప్ప ఉన్న దవాఖానకు వెళ్లాను. అతని ఊరు న్యాల్‌కల్. మమ్మల్ని చూసి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మంచం పక్కన నిలబడి, జరిగిందంతా చెప్పాను. శంకరప్ప ఇటు తిరిగాడు.

"పన్నెండేండ్లు ఒక్క డబ్బల తిన్నం" అన్నాడు. "వాడు పండుకున్నడని వాళ్లంటే నమ్మిన మేడం. కాళ్ల మంట కంటె గదే ఎక్కువ మండింది."

యూసుఫ్ మంచం అంచున కూర్చుని, "ఊకో అన్నా, ఊకో" అంటూ అతని చెయ్యి పట్టుకున్నాడు.

ఐదున్నరకు బస్సు దొరికింది. దారి బాగుంది, కిటికీ సీటు దొరికింది, గాలి కూడా చల్లగా ఉంది. నా కోపం మాత్రం పటాన్‌చెరు దాటినా దిగలేదు. పరీక్షించకుండా అమ్మినవాడు తన ఆఫీసులో ఉన్నాడు. అడగకుండా పెట్టించినవాడు తన ఇంట్లో ఉన్నాడు. కాళ్లు శంకరప్పవి కాలాయి, పేరు యూసుఫ్‌ది కాలింది.