గడ్డి అతికించిన మట్టిదిమ్మె

ఆ రోజు ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. చాలా ఏళ్లు ఆ మాటను లోపలే మోశాను. మీరు నన్ను క్షమించాలని ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలి, అంతే.

తొంభైల చివర్లో రాయదుర్గం వైపు గుట్టల్లో, అడవి మొక్కలకు నీళ్లు నిలవాలని అటవీ శాఖవాళ్లు కందకాలు తవ్వించేవాళ్లు. నేను మేస్త్రీని. కూలి లోతును బట్టి. తవ్వేవాళ్లు కందకం మధ్యలో కొంత నేలను తవ్వకుండా దిమ్మెలా వదిలేస్తారు. దాని ఎత్తు కొలిస్తే లోతు తెలుస్తుంది. పైన గడ్డి అలాగే ఉంటే దాన్ని ఎవరూ ముట్టలేదని నమ్మకం.

నేను ముట్టాను. కొలతల ముందు రోజు, కూలీలు ఇళ్లకు పోయాక, గడ్డిని పెళ్లగా లేపి, కింద జానెడు మట్టి కోసి, మళ్లీ గడ్డి అతికించాను. దిమ్మె ఎత్తు తగ్గింది కాబట్టి కూలి తక్కువ లోతుకే ఇచ్చారు; బిల్లు మాత్రం పూర్తి లోతుకే రాశారు. తేడా నేనూ, కొలతలు తీసే ఆఫీసరూ పంచుకున్నాం. ఆయన చెప్పాడు కాబట్టి చేశానని తప్పించుకోను. పార పట్టింది నేను.

కొలత తగ్గిందని ఆఫీసరు అందరి ముందూ జట్టు పెద్ద గంగమ్మ మీద అరిచాడు. "దొంగ పని చేసి కూలి అడుగుతావా?"

ఆమె నా వైపు తిరిగింది. "ఏమప్పా మేస్త్రీ, నిన్న నువ్వే చూసి బాగుండాది అంటివి కదా. నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా? చెప్పు!"

నేను వంగి చెప్పులో రాయి దులుపుకున్నాను. చెప్పులో రాయి లేదు.

భయమా? ఆశా? ఆ డబ్బు లేకపోతే ఇల్లు గడవదనా? నన్ను నేను ఎన్నోసార్లు ప్రశ్నించుకున్నాను. నా ఇల్లు ఎట్లాగైనా గడిచేదే. గడవనిది ఆమె ఇల్లు. దొంగ అన్న పేరు పడ్డాక ఏ మేస్త్రీ ఆమెను పనికి పిలవలేదు. నేనూ పిలవలేదు, ఆమె మొహం చూడాల్సి వస్తుందని.

ఏళ్ల తర్వాత ఆమె ఇంటికి పోయి, డబ్బు ముందు పెట్టి నిజం చెప్పాను.

"ఇవి నా కష్టం దుడ్లు, తీసుకుంటా" అంది. "నన్ను దొంగ అన్నది ఈ ఇంట్లో కాదు కదప్పా. నలుగురిలో చెప్పు."

మావాళ్లు వద్దన్నారు. "ఇప్పుడు ఎవరడిగినారు? పరువు పోతాది." ఎవరూ అడగలేదు కాబట్టే ఇన్నేళ్లు దాగింది. పోయేది నా పరువు. పోనీ.

అప్పటికి ఊళ్లో ఉపాధి పనులు మొదలై, గంగమ్మ మళ్లీ పార పట్టింది. కూలీలంతా సద్దికి కూర్చున్నప్పుడు వాళ్ల మధ్యకు పోయి నిలబడ్డాను.

"అక్కా, ఆ దిమ్మెలు కోసింది నేను. నువ్వు దొంగవి కాదు. దొంగను నేను. తప్పు చేసినాను."

గంగమ్మ ముద్ద నములుతూనే అంది: "గట్టిగా చెప్పప్పా. ఎనకున్నోళ్లకు ఇనపడలేదు."

గట్టిగా, మొదటి నుంచీ మళ్లీ చెప్పాను.